కంప వేసిన వాకిలి

"తలుపు తెరిచుండాదా, మూసుండాదా? అది చెప్పు ముందు."

కోర్టు ఎదుట టీ కొట్టు బెంచీ మీద కూచున్న గంగాధరం గ్లాసులోకి చూశాడు, జవాబు టీ అడుగున ఉన్నట్టు. అతను సమన్లు అందించే కోర్టు బంట్రోతు. అడుగుతున్నవాడు మదనపల్లె డిటెక్టివ్ ఐజాక్. పోలీసు స్టేషన్లో రైటరుగా పనిచేసి, పై అధికారితో పడక బయటికొచ్చి, సొంతంగా బోర్డు కట్టుకున్నవాడు. మనిషి సన్నం. ఓపిక అంతకంటే సన్నం.

"తెరిచే ఉండాది సార్."

"లోపల ఎవరుండారు?"

"మునిలక్ష్మమ్మే. పొయ్యి కాడ కూసోని ఊదుతాండాది. పొగ వాకిలి దాకా వస్తాండాది."

"నువ్వు పిలిస్తే వచ్చిందా?"

"వచ్చినాది. సమను ఇదిగోమ్మా అంటే, నేను పట్టుకోను పో అన్నాది. లోపలికి పోయి తలుపేసుకునింది. నేను గోందు పూసి తలుపు మీద అంటించి వచ్చేసినా. ఊరోళ్ళు ఇద్దురు సాక్షి సంతకాలు గూడా పెట్టినారు. ఇంగేం సెయ్యాల సార్ నేను?"

"ఎప్పుడు జరిగింది ఇది?"

"దీపావళి పోయినంక. పొద్దన్నే."

"వాకిట్లో ఏముండాది?"

"ఏముంటాది? అందురిళ్ళ మాదిరే. కల్లాపి సల్లి ముగ్గేసుండారు."

ఇన్ని నెలల కింద అంటించిన కాగితం సంగతి ఇంత వివరంగా గుర్తున్న బంట్రోతును ఐజాక్ ఇంతవరకూ చూడలేదు. పొయ్యి గుర్తుంది, పొగ గుర్తుంది, ముగ్గు గుర్తుంది. నిజం చెప్పేవాడు సగం మరిచిపోతాడు, అబద్ధం చెప్పేవాడికే అన్నీ గుర్తుంటాయి. కానీ ఆ మాట తీసుకుపోయి జడ్జి ముందు పెడితే నవ్వి పొమ్మంటాడు. ఐజాక్ టీ డబ్బులిచ్చి పుంగనూరు బస్సెక్కాడు.

కేసు చిన్నదే. చౌడేపల్లె దగ్గర ఈతమాకులపల్లెలో మునిలక్ష్మమ్మకు ఒక ఇల్లు, ఇంటి వెనక ఒక చేను, చేనులో ఒక బావి ఉన్నాయి. కిందటేడు వినాయక చవితి ముందు ఆమె భర్త రామప్ప చనిపోయాడు. చనిపోయే ముందు ఇల్లూ చేనూ తనకు అమ్మాడని కుప్పం నుంచి నాగరాజు అనే వ్యాపారి దావా వేశాడు. సమన్లు అందినా ఆమె కోర్టుకు రాలేదని, ఏకపక్షంగా డిక్రీ అయిపోయింది. డిక్రీ అమలు చేసే కోర్టు అమీను వచ్చి "ఇల్లు ఖాళీ చెయ్యమ్మా" అన్నరోజున గాని, తన మీద దావా ఒకటి నడిచిందని ఆ తల్లికి తెలియలేదు.

ఆమెకు చదువు లేదు, వకీలుకు ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. కొడవలికి తెగిన చెయ్యి చూపించుకోవడానికి మదనపల్లె మిషను ఆసుపత్రికి వెళితే, కట్టు కడుతున్న నర్సు కృపమ్మ ఏడుపెందుకమ్మా అని అడిగి, సంగతి విని, పేదవాళ్ళకు ఉచితంగా వాదించే వకీలు ఉన్నాడని దారి చూపించింది. న్యాయ సహాయ కమిటీ తరఫున అలాంటి కేసులు చూసే లాయరు జయచంద్ర, ఆ డిక్రీ కొట్టెయ్యమని అర్జీ వేశాడు. రేపు విచారణ. రేపు ఆమెకు సమన్లు అందలేదని రుజువైతే దావా మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది. లేకపోతే అమీను వచ్చి సామాను వీధిలో పెడతాడు. కమిటీ నియమాల్లో వకీలుకు కాస్త ఫీజు ఉంది గాని, డిటెక్టివ్ అనే మాటే లేదు. జయచంద్ర ముఖం చూసి ఐజాక్ ఊరికే తిరుగుతున్నాడు, తిరుగుతూ తిట్టుకుంటున్నాడు.

తిట్టుకోవడానికి కారణం ఉంది. జయచంద్ర ఆమెను ఎన్ని రకాలుగా అడిగినా ఒకటే మాట. "నా మొగుడు పోయిన కాడ్నించి ఒక్క దినం గూడా ఇల్లు ఇడిసిపెట్టలేదు సామీ. రాత్రీ పగలూ ఆ ఇంట్లోనే ఉండాను." ఇంట్లోనే ఉన్న మనిషికి ఇంటికొచ్చిన సమను అందలేదంటే ఎవరు నమ్ముతారు? బంట్రోతు అసలు ఆ ఊరికే రాలేదని రుజువు చెయ్యాలి. రాని మనిషి రాలేదని రుజువు చెయ్యడం ఎలాగో ఐజాక్‌కు తెలియదు.

ఈతమాకులపల్లెలో ఇంటికి తాళం వేసి ఉంది. మునిలక్ష్మమ్మ రేపటి విచారణ గురించి వకీలుతో మాట్లాడడానికి పొద్దునే మదనపల్లె బయల్దేరిందని, తాళం చెవి తన దగ్గరే పెట్టిందని పక్కింటి ముసలమ్మ పాపమ్మ చెప్పింది.

ఐజాక్ తాళం తియ్యకముందే తలుపు ముందు గొంతుక్కూచున్నాడు. పాత వేప తలుపు. గోందు మరక కోసం వెతికాడు, లేదు. మరక బదులు గీతలున్నాయి. తలుపు నిండా, మనిషి ఎత్తు నుంచి గడప దాకా, అడ్డదిడ్డంగా సన్నటి గీతలు. గొళ్ళేనికి పగ్గం ఒరుసుకున్న నునుపు. చెక్క పగులులో ఏదో నల్లగా కనిపిస్తే, చాకు మొనతో పైకి లాగాడు. విరిగిన ముల్లు. తుమ్మ ముల్లు. చేను గట్టుకు కంప వేస్తారు గాని, ఇంటి తలుపుకు ఎవరు వేస్తారు?

లోపల చూస్తే మరో విచిత్రం. వెనక గోడలో ఒకచోట మట్టి రంగు వేరుగా ఉంది. మనిషి వంగి దూరేటంత మేర పగలగొట్టి మళ్ళీ పూడ్చారు. పూడ్చిన మట్టి ఇంకా సున్నం చూడలేదు.

"పాపమ్మవ్వా, ఈ ఇంట్లో దొంగలు గాని కన్నమేసినారా?"

"దొంగలా? ఈ ఇంట్లో ఏముండాదని వస్తారప్పా?"

"మరి గోడ యాల పగిలినాది? తలుపుకు కంప యాల కట్టినారు?"

ముసలమ్మ చెంపలేసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యన్నీ అడగొద్దప్పా. పిల్లాజెల్లా ఉండే ఇండ్లు. ఆ మాట నోటితో అనగూడదు." ఇంక కదిపినా ఆమె పెదవి కదపలేదు.

అప్పుడే వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. దిగినవాడు నారాయణస్వామి. ఒకప్పుడు ఐజాక్ రైటరుగా ఉన్న స్టేషన్లోనే హెడ్డు కానిస్టేబులు. ఇప్పుడు డబ్బున్న కక్షిదారులకు ఆరాలు తీసిపెట్టే పని చేస్తున్నాడు, ఈ కేసులో కుప్పం నాగరాజు తరఫున. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పాముకూ ముంగిసకూ ఉన్నంత అభిమానం.

"ఉచిత వైద్యం చూసినాం, ఉచిత భోజనం చూసినాం. ఉచిత డిటెక్టివ్‌ని ఇప్పుడే చూస్తాండానప్పా," అన్నాడు నారాయణస్వామి.

"చూడు, చూడు. దానికీ నాగరాజు దగ్గర బిల్లు రాసుకో."

"తలుపు ముందర పూజ చేస్తాండావే, ఏం దొరికినాది?"

"గోందు దొరకలేదు."

"ఇన్ని నెలలైనాది. వానకు పోయుంటాది."

"చూరు ఇంత కిందికి దిగుండాది. తలుపు మీద చినుకు పడదు."

"ఎండకు పోయుంటాది."

"ఎండా వానా రెండూ మీ సాక్షులేనా? సమన్లు ఇస్తే అవీ వస్తాయా రేపు?"

నారాయణస్వామికి నవ్వు రాలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఐజాక్, పాత పరిచయం కొద్దీ చెప్తాండా. బస్సు ఛార్జీలు దండగ చేసుకోవద్దు. రేపు ఆమె బోనెక్కి 'నేను ఒక్క దినం గూడా ఇల్లు ఇడిసిపెట్టలేదు, రాత్రీ పగలూ ఆడనే ఉండాను' అంటాది. మాకు ఇంగ సాక్షి దేనికి? ఆమే మా సాక్షి."

ఐజాక్ చేతిలోని ముల్లును అగ్గిపెట్టెలో వేసి మూశాడు. ఆ పని చెయ్యడానికి కావలసిన దానికంటే ఎక్కువ సేపే తీసుకున్నాడు. అర్జీలో ఉన్నది సమన్లు అందలేదన్న ఒక్క ముక్కే. ఇల్లు విడవలేదన్న మాట ఆమె జయచంద్ర గదిలో, తలుపులు మూసి ఉండగా, జయచంద్రతోనూ తనతోనూ మాత్రమే చెప్పింది. అదే వరసలో, అవే మాటలతో చెప్పింది.

"రేపు ఆమె ఏం చెప్పబోతాందో నీకు ఈ పొద్దే ఎట్ల తెలిసినాది, నారాయణస్వామీ?"

సిగరెట్టు వెలిగించబోతున్న చెయ్యి ఆగింది. ఆగింది రెప్పపాటే గాని, ఐజాక్‌కు అది చాలు.

"ఊరంతా తెలుసు," అన్నాడు నారాయణస్వామి.

"ఊరు నోరే విప్పడం లేదు. నీకు చెప్పిందెవరు?"

"నీకు చెప్పాల్సిన పని నాకు లేదు."

"లేదు. కానీ అడగాల్సిన పని నాకుండాది. ఇంతవరకూ బంట్రోతు అబద్ధం ఒక్కటే అనుకున్నా. మా మునిలక్ష్మమ్మ మాట గూడా ఎవరో నేర్పిన అబద్ధమేనని ఇప్పుడు నువ్వే చెప్పినావు. చాలా థాంక్స్."

నారాయణస్వామి సిగరెట్టు వెలిగించకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళింది రోడ్డు వైపు కాదు, చేను పక్కనున్న మామిడితోపు వైపు. ఐజాక్ అటే కాసేపు చూసి, తాళం వేసి, చెవి ముసలమ్మకు ఇచ్చి బస్సు కోసం నడిచాడు.

సాయంత్రం మదనపల్లెలో జయచంద్ర మేడ గదికి వెళ్ళేసరికి వరండాలో అరడజను మంది పేదసాదలు కూచుని ఉన్నారు. ఉచితంగా వాదిస్తారంటే వీళ్ళలో సగం మందికి నమ్మకం లేదు, ఊరికే ఎవరైనా ఏదైనా చేస్తారా అని. నమ్మకం లేకపోయినా రావడం మానరు, ఇంకెక్కడికీ పోలేరు గనక. మునిలక్ష్మమ్మ ఒక మూల చెంగు కప్పుకుని కూచుంది.

ఐజాక్ లోపలికి వెళ్ళి తలుపు మూసి అగ్గిపెట్టె బల్లమీద పెట్టాడు. బంట్రోతు మాటలూ, గీతలూ, ముల్లూ, పూడ్చిన గోడా వరసగా చెప్పి, "దొంగలు గోడ పగలగొట్టినారు, దానికి భయపడి ఈమె తలుపుకు కంప కట్టుకుంది. అంతే గదా?" అన్నాడు.

జయచంద్ర అతని వైపు జాలిగా చూశాడు. "ఐజాక్, నువ్వు పుట్టిందీ పెరిగిందీ మిషను కాంపౌండులో. నీ తప్పు కాదులే. రామప్ప పోయింది ఏ నక్షత్రంలో అని అడిగినావా?"

"నక్షత్రమా?"

"ధనిష్ఠా పంచకం అని ఉంటాది. ఆ నక్షత్రాల్లో మనిషి పోతే ఇంటికి అరిష్టం. శవాన్ని వాకిట్లో నుంచి తియ్యరు, గోడ పగలగొట్టి వెనక నుంచి తీస్తారు. ఆ తర్వాత ఇల్లు పాడుబెడతారు. వాకిలికి కంప వేసి ఆర్నెల్లు ఆ దిక్కు గూడా చూడరు. పొయ్యి వెలిగేది లేదు, దీపం పెట్టేది లేదు. ఆర్నెల్లయినంక శాంతి చేసి లోపలికి పోతారు."

ఐజాక్ కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "అంటే దీపావళికి ఆ ఇంట్లో..."

"పిల్లి గూడా ఉండదు. పైగా బంట్రోతు ముగ్గు చూసినాడంటనే! మామూలుగా మనిషి పోయిన ఇంట్లోనే ఏడాది దాకా ముగ్గు వెయ్యరు. మాట్లాడేకొద్దీ బొంకు బయటపడతాదని మా నాయన అనేవాడు. నిజమే." జయచంద్ర లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో సంతోషం దాచుకున్నా దాగడం లేదు. "ఈ ఒక్క మాట చాలప్పా. కేసు గెలిచినట్టే. కానీ ఈ మహాతల్లి నాకే యాల అబద్ధం చెప్పింది?"

మునిలక్ష్మమ్మను లోపలికి పిలిచారు. ఆమె కుర్చీలో కూచోనంది, నేలమీద కూచుంది. ఐజాక్ కూడా నేలమీదికే దిగి, ముల్లు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"అమ్మా, ఇది మీ తలుపులో ఉండాది. ఇంగ దాచొద్దు. రామప్ప పోయినంక నువ్వు ఆ ఇంట్లో లేవు. అవునా?"

ఆమె ముల్లును చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా చేత ఆ మాట చెప్పించొద్దప్పా. ఇల్లు ఇడిసినానని నోటితో అంటే హక్కు ఇడిసినట్టే. నా మొగుడు తవ్విన బావి అది. ఎవురికి ఇడిసేది?"

"హక్కు పోతాదని ఎవరు చెప్పినారమ్మా?" అన్నాడు జయచంద్ర. "ఆ మాట శుద్ధ అబద్ధం. ఆచారానికి ఆర్నెల్లు తాళం వేస్తే హక్కు పోదు. నువ్వు ఆ ఇంట్లో లేవు గాబట్టే సమను నీకు అందలేదు. ఆ నిజం ఒక్కటే రేపు నిన్ను కాపాడేది."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక భయం తగ్గలేదు, కొత్త భయం ఒకటి వచ్చింది.

"అట్లయితే యాడుండానో గూడా చెప్పాల్నా?"

"చెప్పాల. యాడుండావు?"

"పలమనేరులో తమ్ముడింటికి పోయినా. అట్లాంటి ఇంట్లో నుంచి వచ్చినదాన్ని గడప తొక్కనీలేదు వాడు. వాన్ననేదేముండాది, వాని పిల్లలు వానికుండారు. తిరిగొచ్చే దావలో రోడ్డు పక్కన కూసోని ఏడుస్తాంటే మా ఊరి గోపాలస్వామప్ప చూసినాడు. మా చేను పక్కన తోపు ఆయప్పదే. తోపులో పశువుల కొట్టం ఉండాది, ఆడుండుకోమ్మా అన్నాడు. శివరాత్రి దాకా ఆడనే ఉండాను. కూలోళ్ళకు వంట చేసి పెట్టినా. సొంత తమ్ముడు పెట్టని అన్నం ఆయప్ప పెట్టినాడు."

ఐజాక్‌కు మామిడితోపు వైపు వెళ్ళిన మోటారు సైకిలు కళ్ళముందు కదిలింది.

"తోపులోకి బయటోళ్ళు ఎవరైనా వచ్చేవాళ్ళా?"

"పూత చూసేదానికి కుప్పం నుంచి ఒకాయన వచ్చేవాడు. తోపు గుత్తకు తీసుకుంటాడు. నేనే నీళ్ళిచ్చినా. ఎడమ కన్ను కింద ఇంత మచ్చ ఉంటాది."

జయచంద్ర చేతిలోని పెన్ను బల్లమీద పెట్టేశాడు. కుప్పం నాగరాజును అతను కోర్టులో చూశాడు, మచ్చనూ చూశాడు. సమను ఆ పాడుబెట్టిన ఇంటికి వెళ్ళిందంటున్న రోజున, ఎవరి మీద దావా వేశారో ఆ మనిషి గోపాలస్వామి కప్పు కిందే వంట చేస్తోంది. దావా వేసినవాడు ఆమె చేతి నీళ్ళు తాగి వెళ్ళాడు. తోపు పక్కన చేను, చేనులో బావి. నాగరాజు పేరు కాగితం మీదిది మాత్రమే, కోరిక గోపాలస్వామిది. కంచే చేను మేసింది. ఈ అమాయకురాలి ముందు ఆ సంగతి ఎలా విప్పాలో ఐజాక్‌కు తెలియలేదు.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "ఇల్లు ఇడిసినానని చెప్పొద్దని నీకు నేర్పింది గూడా..."

"గోపాలస్వామప్పే. ఉచిత వకీలు కాడికి పోతాండానంటే, పో తల్లీ మంచిదే, కానీ ఇట్లా చెప్పు అని ఒకటికి పదిసార్లు చెప్పించినాడు. రేపు నా పక్క సాక్షిగా గూడా వస్తానన్నాడు."

జయచంద్ర తల వంచుకున్నాడు. ఆ పేరు రేపటి తమ సాక్షుల్లో తనే స్వయంగా రాసుకున్నాడు. మరో పేరు లేదు.

"ఆయన నీ మంచి కోరేవాడు కాదమ్మా," అన్నాడు ఐజాక్. "సంగతంతా రేపు తెలుస్తాది. ఈ ఒక్క రాత్రి ఊరికి పోవద్దు. కృపమ్మ ఇంట్లో పడుకో. ఇక్కడ మనం మాట్లాడిన మాట ఆయనకు తెలియకూడదు."

కింద వీధిలో జీపు హారను మోగింది. మునిలక్ష్మమ్మ చెంగు సర్దుకుని లేచింది.

"ఆయప్పే. నన్ను తోడుకోని పోయేదానికి వచ్చుండాడు. వకీలు ఏమడిగినాడు, నువ్వేం చెప్పినావని ప్రతిసారీ ఊరికి పోయే దావలో అడుగుతాడు."

"ఈ పొద్దు ఏమీ అడగలేదని చెప్పమ్మా!" అన్నాడు జయచంద్ర, దాదాపు బతిమాలుతూ.

ఆమె గుమ్మం దగ్గర ఆగి, ఇద్దరినీ వింతగా చూసింది.

"కోర్టులో అయితే చెప్పొచ్చు సామీ. అన్నం పెట్టిన మనిషికి అబద్ధం యెట్ల చెప్పేది?"